నాలుగో మూల మిరపకాయలు

ఎవరైనా కుట్టిన గుడ్డ నా చేతికిస్తే నేను ముందు దాన్ని తిరగేస్తాను. ముఖం వైపు ఎవరైనా అందంగానే కుడతారు. వెనక వైపు చూస్తే కుట్టిన మనిషి బయటపడుతుంది. ఎక్కడ విసిగిందో, ఎక్కడ దారం చాలదని లాగి లాగి కుట్టిందో, ఎక్కడ ఎవరు చూస్తారులే అనుకుని అడ్డదారి పట్టిందో అంతా అక్కడ ఉంటుంది. మొన్నొక ఆదివారం మధ్యాహ్నం కిరణ్ మా ఊరి నుంచి గుంటూరు వచ్చి, ప్లాస్టిక్ సంచిలోంచి ఒక తెల్ల గుడ్డ తీసి నా ముందు పెట్టినప్పుడు కూడా అదే చేశాను. కిరణ్ ఇప్పుడు మా ఊరి చర్చికి కార్యదర్శి. నా చిన్నతనంలో సంఘ పెద్దగా ఉన్న ఆశీర్వాదం గారికి మనవడు. చర్చిని కొత్తగా కట్టారు. ప్రభువు బల్ల అని మేం పిలిచే పాత చెక్క బల్ల తీసేసి గాజు బల్ల పెట్టారు. గాజు మీద గుడ్డ పరిస్తే ఇక గాజు కొన్నదెందుకని కమిటీలో ఎవరో అడిగారట. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేకపోవడంతో గుడ్డ నా దగ్గరకు వచ్చింది.

"బీరువా సర్దుతుంటే దొరికింది టీచర్. మీరు కుట్టిందని మా నాన్న చెప్పాడు. పారేయడానికి మనసొప్పలా," అన్నాడు.

"పారేయడానికి మనసు లేదు, ఉంచుకోడానికి చోటు లేదు. అంతేగా?"

కిరణ్ నవ్వి, గుడ్డను కిటికీ వెలుతురులోకి జరిపాడు. తాత చూపు కొంచెం వచ్చినట్టుంది అతనికి. "మూడు మూలలు ఒక రకంగా మెరుస్తున్నాయి టీచర్. ఈ మూల కాయలు వేరేగా ఉన్నాయి. రంగు వెలిసిందంటారా?"

"వెలవలేదు. అది పుట్టడమే అట్లా పుట్టింది," అన్నాను.

బస్సు టైము దగ్గర పడుతుండటంతో అతనికి సగమే చెప్పాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను తేదీలు గుర్తుపెట్టుకునే మనిషిని. ఇది ఏ ఏడు, ఏ నెల, ఆ నెలలో ఎన్నో వారం అని అడిగితే చెప్పగలను. కానీ చెప్పను. చెబితే మా చెల్లెలు చదివి, ఫోన్ చేసి, అది ఆ ఏడు కాదు ఆ ముందేడని వాదిస్తుంది. తేదీల విషయంలో మా చెల్లెలు ఎప్పుడూ తప్పే. అందుకని, ఎనభైల్లో మొదటి సగమనీ, మా ఊళ్ళో ప్లాస్టిక్ బిందెలు కొత్తగా వచ్చి ఇత్తడి బిందెలను అటకెక్కిస్తున్న రోజులనీ అనుకుంటే సరిపోతుంది.

మా ఊరు అద్దంకి బస్సు దిగి మట్టిరోడ్డున నడిచి వెళ్ళాల్సిన ఊరు. రోడ్డుకు ఒక పక్క పత్తి, ఒక పక్క మిర్చి. చలి తగ్గుతుండగా కాయ కోతకొచ్చేది. ఊరి చుట్టూ కల్లాల్లో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎండబోసేవాళ్ళు. ఆ నెలల్లో మా ఊరికి వచ్చిన చుట్టం ముందు తుమ్మి, తర్వాత పలకరించేవాడు. మాకు మాత్రం ఆ ఘాటు ఒక వాసన అని కూడా తెలిసేది కాదు. తలగడలో ఉండేది, జడలో ఉండేది, అమ్మ ఎంత తోమినా నీళ్ళ చెంబు అంచున ఉండేది. అమ్మ పిండి కలిపే ముందు చేతులకు పుల్లటి మజ్జిగ పట్టించి కడుక్కునేది. ఒక్కసారి మరిచిపోయిందా, ఆ పూట రొట్టెలు తిన్నవాళ్ళకు కూర అక్కర్లేదు. నాన్న చిలకలూరిపేట దగ్గర పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. ఆయన బట్టల నిండా పత్తి నూగు, మా బట్టల నిండా మిరప ఘాటు. రెండూ ఒక బక్కెట్లో నానబెట్టకూడదని మా ఇంట్లో ఒక చట్టం.

ఇంకో చట్టం మా అమ్మమ్మ చేతుల గురించి. అమ్మమ్మ పేరు సుందరమ్మ. కల్లంలో గోతాం మడిచి వేసుకుని కూర్చుని, పొద్దున నుంచి పొద్దుగూకే దాకా తాలుకాయలు ఏరేది. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఎర్రకాయల్లో అది కలిస్తే ధర పడిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన అమ్మమ్మ చేతులకు మంట అనేది తెలియకుండా పోయింది. ఆ చేతులు తగిలిన వాళ్ళకు మాత్రం బాగా తెలిసేది. మా పిన్ని కొడుకు పుట్టినప్పుడు అమ్మమ్మ ముచ్చటపడి వాడి బుగ్గలు నిమిరింది. వాడు ఆ రోజంతా ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరినైనా ముద్దు చేయాలంటే అమ్మమ్మ చెయ్యి తిరగేసి, వేళ్ళ కణుపుల వైపుతో మాత్రమే తాకాలని తీర్మానం. అమ్మమ్మ ఒప్పుకుంది, ఆ మాట తప్పలేదు కూడా. మేమంతా ఆ గరుకు కణుపుల కిందే పెరిగాం. వేరే ఇళ్ళల్లో అమ్మమ్మలు అరచేత్తో తల నిమరడం చూస్తే, ఆ పిల్లల కళ్ళు ఏమైపోతాయోనని నాకు భయం వేసేది.

పదో తరగతి పాసై, తర్వాత ఏం చేయాలో ఎవరికీ తోచక, నేను అమ్మమ్మతో పాటు కల్లానికి వెళ్తున్నాను. ఆ పనికి నేను పనికిరానని మొదటి వారంలోనే తేలింది. ప్రతి కాయనూ వెలుతురులో తిప్పి చూసేదాన్ని. మేస్త్రి నా వెనక నిలబడి, "సుందరమ్మత్తా, నీ మనవరాలు కాయల్ని ఏరతందా, ఇంటర్వ్యూ చేస్తందా?" అనేవాడు.

"చెయ్యనీరా. తేలినయ్యన్నా మంచియ్యి తేలతయ్యి," అనేది అమ్మమ్మ, తను నాలుగు గుప్పిళ్ళు ఏరేస్తూ.

అలాంటి రోజుల్లో మా చర్చికి కొత్త అయ్యగారు బదిలీ మీద వచ్చారు. పాస్టరుని మేం అయ్యగారు అనేవాళ్ళం, ఆయన భార్యను అమ్మగారు అనేవాళ్ళం. అమ్మగారు గుంటూరులో పుట్టి పెరిగిన మనిషి. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఎవరో తన చీర కుచ్చిళ్ళు కొలవడానికి వస్తున్నట్టు ఉండేవారు. వచ్చిన రెండో వారమే శనివారం మధ్యాహ్నాలు చర్చి వరండాలో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతానని చెప్పారు. ఆవిడ ట్రంకు పెట్టెలో మ్యాటీ గుడ్డ ఉండేది. పోగులు గళ్ళు గళ్ళుగా కనపడేలా నేసిన గుడ్డ అది. దాని మీద ముందుగా బొమ్మ గీయక్కర్లేదు. గళ్ళు లెక్కపెట్టుకుంటూ ఒక్కో గడిలో ఒక్కో ఇంటూ గుర్తు కుట్టుకుంటూ పోతే బొమ్మ అదే వస్తుంది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. అప్పటిదాకా బళ్ళో ఇంటూ గుర్తంటే తప్పుకు వేసేదే. ఆ గుర్తులన్నీ వరసగా పేర్చితే గులాబీ పువ్వవుతుందని ఎవరూ చెప్పలేదు.

అమ్మగారికి మూడు సూత్రాలు. గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడిమధ్య నుంచి మొదలుపెట్టాలి. దారానికి ఎక్కడా ముడి వేయకూడదు, చివరను వెనక కుట్ల కిందకు దూర్చి దాచాలి. ఇంటూ గుర్తులో రెండు కుట్లుంటాయి కాబట్టి, పైన పడే కుట్టు గుడ్డ మొత్తం మీద ఒకే వైపుకు వాలాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ వాలితే వెలుతురు దారం మీద తేడాగా పడి మచ్చలా కనపడుతుంది. ఈ మూడూ చెప్పి, లచ్చిలోంచి ఎర్రదారం తుంచి, పోగులు విడదీసి, మొదటి పిల్లకు ఇచ్చారు. అది చూసుకుని పక్కపిల్లకు, అలా వరసంతా దాటి నాకు. నేను సూది బెజ్జంలోకి ఎక్కించాలని దారం కొస నోట్లో పెట్టుకుని తడి చేశాను. మేమంతా కల్లం నుంచి తిన్నగా వచ్చినవాళ్ళం. ఆ దారం అప్పటికే ఆరు చేతులు మారింది. నా పెదవులు భగ్గుమన్నాయి. ఏమైందో చెప్పకుండానే పక్కపిల్లకు అర్థమై, తన దారం మెల్లగా కింద పెట్టింది. అమ్మగారికి మాత్రం అర్థం కాలేదు. "ఏమైందమ్మా, చూపించు," అని దారం తీసుకుని, తనూ కొస తడి చేశారు.

మరుసటి శనివారం నుంచి వరండా మెట్ల దగ్గర ఒక గిన్నెలో మజ్జిగ, పక్కన కొబ్బరినూనె, చింతపండు, బూడిద. చేతులు కడుక్కున్నాక ప్రతి పిల్లా తన వేలు తన పెదవికి ఆనించుకుని కాసేపు నిలబడాలి. మంట లేకపోతేనే సూది. గుంటూరు నుంచి వచ్చిన మనిషి మమ్మల్ని చూసి ఏర్పరచిన నాలుగో సూత్రమది. మరే ఊళ్ళోనూ ఎవరూ నేర్పి ఉండరు.

నాకు ఆ పని ఎంత నచ్చిందంటే, అన్నం ముందు కూర్చుని మెతుకుల్ని గళ్ళుగా పేర్చేదాన్ని. అమ్మమ్మకు మాత్రం అర్థం లేని పనిగా తోచింది. "గుడ్డకు బొక్క పడితే పూడ్చటానికి సూది పట్టాల. బాగున్న గుడ్డను కూర్చుని పొడవటమేందే?" అనేది. అమ్మగారి దగ్గర నుంచి నమూనాల పుస్తకం ఒకటి తెచ్చి చూపించాను. దాన్లో గులాబీలు, హంసలు, ఒక తోట, పొగగొట్టంలోంచి పొగ వస్తున్న చిన్న ఇల్లు. అమ్మమ్మ గులాబీ చూసి, "ఇది క్యాబేజీ కదే," అంది. ఇల్లు చూసి, "ఇల్లు తగలబడతంటే వాకిట్లో పూలమొక్కలకు నీళ్ళు పోసుకుంటన్నారేందే ఈళ్ళు?" అంది.

రెండు నెలలయ్యాక అమ్మగారు ఒక మాట చెప్పారు. గుంటూరులో కుట్టు టీచర్లకు శిక్షణ ఉంది. హాస్టల్లో ఉండి ఒక ఏడాది నేర్చుకుని పరీక్ష పాసైతే బడిలో ఉద్యోగం వస్తుంది. చర్చి స్త్రీల సమాజం దగ్గర పోగైన డబ్బుతో ఒక అమ్మాయిని పంపవచ్చు, రాహేలును పంపుదాం అన్నారు. రాహేలంటే నేను. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కల్లంలో కాయలు కనపడటం మానేశాయి. కానీ సమాజం డబ్బు కదలాలంటే సంఘ పెద్ద ఒప్పుకోవాలి. ఆశీర్వాదం గారికి ఆ డబ్బుతో చర్చికి మైకు సెట్టు కొనాలని ఎప్పటి నుంచో కోరిక.

"మైకు ఉంటే అయ్యగారి ప్రసంగం పక్కూరి దాకా వినపడుద్దమ్మా," అన్నారు ఆయన.

"పక్కూరి వాళ్ళు మనకేం అపకారం చేశారండీ?" అన్నారు అమ్మగారు. అయ్యగారు పక్కనే ఉన్నారు. ఆయన పైకప్పు చూస్తూ ఉండిపోయారు.

చివరకు ఆశీర్వాదం గారు ఒక బేరం పెట్టారు. పిల్ల పనితనం చూడందే పంపేది లేదు. కోత పండుగ వస్తోంది కాబట్టి, ఆ రోజుకు ప్రభువు బల్లకు గుడ్డ కుట్టి పరిస్తే పెద్దలందరూ చూస్తారు. వంక లేకపోతే గుంటూరు, వంక ఉంటే మైకు. కోత పండుగంటే మా సంఘంలో ఎవరి పంటలోంచి వాళ్ళు మొదటి భాగం తెచ్చి చర్చిలో పెట్టే రోజు. మిరపకాయల బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు అన్నీ బల్ల ముందు పేర్చి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ప్రార్థన మధ్యలో కోళ్ళు కూయడం, పెద్దలు కళ్ళు తెరవకుండానే వాటిని కాలితో తోయడం మాకు మామూలే.

గుడ్డ మీద గులాబీలు వేద్దామన్నారు అమ్మగారు. నేను గళ్ళ కాగితం మీద వేరేది గీసుకెళ్ళాను. నాలుగు మూలల్లో నాలుగు గుత్తులు. ఒక్కో గుత్తిలో మూడు మిరపకాయలు, ఒక పగిలిన పత్తికాయ. తెల్లగుడ్డ మీద తెల్లపత్తి ఎలా కనపడుతుందని అమ్మమ్మే అడిగింది. దాని చుట్టూ బూడిదరంగు దారంతో సన్నగీత కుడితే కనపడుతుందని అమ్మగారు దారి చూపించారు. కాయల్ని నేను దీపం వత్తుల్లా పైకి నిలబెట్టి గీశాను. అమ్మమ్మ కాగితాన్ని తలకిందులు చేసి, "కాయ ఎప్పుడన్నా ఆకాశం చూసుద్దా? కిందికి వేలాడాల," అంది. అది నిజం కాబట్టి మళ్ళీ గీశాను. ఆశీర్వాదం గారు విని, "ప్రభువు బల్ల మీద మిరపకాయలేందమ్మా, దిష్టికి కట్టినట్టు," అన్నారు. "పండక్కి మీరు తెచ్చేది ఏమిటండీ, గులాబీలా?" అని అడిగారు అమ్మగారు. ఆయన తెచ్చేది ప్రతి ఏడూ ఒక బస్తా మిరపకాయలే. ఆ సంభాషణ అక్కడితో ఆగింది.

పండుగ ఆదివారం. ఆ వారం బుధవారానికి మూడు మూలలు, చుట్టూ అంచు పూర్తయ్యాయి. నాలుగో మూల మిగిలింది. మధ్యాహ్నం అమ్మగారు మా ఇంటికి వచ్చి, వాకిట్లో మంచం మీద గుడ్డ పరిచి, తిరగేసి, వేలితో తడుముతూ మొత్తం చూశారు. ఆవిడ నోటి నుంచి మెప్పు రావడం ఎవరూ వినలేదు. "మూడింటికీ వంక లేదు. నాలుగోది కూడా ఇలాగే వస్తే ఆశీర్వాదం గారు నోరెత్తరు," అని వెళ్ళిపోయారు. అదే సమయానికి అమ్మమ్మ కల్లం నుంచి అన్నానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. ఎర్రటి దుమ్ము చేతులతో నా దగ్గరకు వచ్చి, "మా తల్లే, గుంటూరు పోతావే," అని నా ముఖాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుంది.

చెయ్యి తిరగేయడం మరిచిపోయింది. నా జన్మలో అమ్మమ్మ అరచేతులు నా ముఖానికి తగలడం అదే మొదలు. వెచ్చగా ఉన్నాయి, నేను అనుకున్నదానికన్నా మెత్తగా ఉన్నాయి. ఆ సంగతి గమనించడానికి ఒక్క క్షణం దొరికింది. ఆ తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని కళ్ళు నులుముకోవడం.

ఆర్ఎంపీ డాక్టరు సైకిలు మీద వచ్చేసరికి కళ్ళు రెండూ వాచి మూతపడ్డాయి.

"కంట్లో ఏం పడిందమ్మా?" అని అడిగాడు ఆయన.

"మా అమ్మ," అంది అమ్మ.

ఆయన మందు వేసి కట్టు కట్టి శనివారం దాకా విప్పవద్దన్నాడు. నేను నులకమంచం మీద పడుకుని లెక్క వేశాను. శనివారం సాయంత్రం కట్టు విప్పితే, ఆదివారం పొద్దుటికి ఒక మూల పూర్తికాదు. ఎలా లెక్కవేసినా మైకు సెట్టే వస్తోంది. అమ్మమ్మ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు కల్లానికి కూడా పోలేదు. కాయల రోజుల్లో ఆవిడ పని మానడం మా అమ్మ కూడా ఎరగదు. మంచం పట్టె మీద కూర్చుని, "నేను కుడతాలే," అంది.

"నువ్వా? బాగున్న గుడ్డను పొడవటమెందుకన్నావుగా?" అంది అమ్మ.

"ఇప్పుడది బాగాలేదుగా. ఒక మూల బోసిగా ఉంది."

అమ్మమ్మ చేతులు ఆ గుడ్డ తాకాలంటే ముందు వాటి ఘాటు దిగాలి. మజ్జిగ, చింతపండు, బూడిద, కొబ్బరినూనె అన్నీ వరసగా అయ్యాయి. దిగిందో లేదో తెలియడం ఎలాగన్నది అసలు చిక్కు. అమ్మమ్మ వేలు తన పెదవికి ఆనించుకుంటే లాభం లేదు, ఆవిడ పెదవులకూ మంట తెలియదు. మా ముఖాలకు అప్పటికే కల్లం ఘాటు అంటి ఉంది, మంట దేని వల్లో తేలదు. ఊరి మొత్తంలో మెత్తటి చర్మం ఎవరిదని ఆలోచిస్తే ఒక్కరే తేలారు. అమ్మ వెళ్ళి విషయం చెబితే అయ్యగారు నిజంగానే వచ్చారు, అప్పుడే గడ్డం గీసుకున్న ముఖంతో. నాకు కట్టు ఉంది కాబట్టి చూడలేదు, విన్నాను. అమ్మమ్మ బెరుగ్గా, "ఏమనుకోమాకండి అయ్యగారూ," అంది. చెయ్యి ఆనించినట్టుంది. "ఈ చెంపకు ఏమీ లేదమ్మా. రెండో చెంప కూడా చూడు," అన్నారు అయ్యగారు. రెండోది కాస్త చిరచిరలాడిందట. ఎడమచెయ్యి ఇంకోసారి మజ్జిగలోకి వెళ్ళింది.

నమూనా కాగితం నాకు కంఠతా వచ్చు. నేను చెబుతుంటే అమ్మమ్మ కుట్టాలి. కానీ అమ్మమ్మకు అంకెలంటే పడదు. ఆవిడ లెక్క అంతా పుంజీల్లో ఉండేది. నాలుగైతే పుంజీ. ఏడు అని నేనంటే, "పుంజీ మీద మూడా?" అని ఆవిడ. పదకొండంటే, "ఒకటి తక్కువ మూడు పుంజీలని చెప్పి ఏడవొచ్చుగా." పూట గడిచేసరికి నేనూ పుంజీల్లోనే ఆలోచిస్తున్నాను. కుడి ఎడమల దగ్గర ఇంకో తగాదా. "ఎవరి కుడి, గుడ్డదా నాదా?" అని అడిగేది. సరేనని, కుడివైపుకు బావి వైపనీ, ఎడమవైపుకు గేదె వైపనీ పేర్లు పెట్టుకున్నాం.

"గేదె వైపు పుంజీ. కిందికి దిగి, బావి వైపు రెండు."

"అయింది."

"మళ్ళీ గేదె వైపు పుంజీ మీద ఒకటి."

"ఇదేందే, కాయకు తోక రెండో పక్కన మొలిచింది?"

ఎక్కడ లెక్క తప్పానా అని మొత్తం మొదటి నుంచి వల్లెవేసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది. అప్పుడు అమ్మ గొంతు బావి దగ్గర నుంచి వినపడింది: "ఎండ తగులుతుందని గేదెను ఇటు కట్టేశానే, నీళ్ళు పెట్టాలి." అమ్మమ్మ చాలా నిజాయతీగా గేదె వెంటే పోయింది. ఆ ఐదు కుట్లు విప్పించి, గేదెకు బదులు గోడ అని మార్చుకున్నాం. గోడ శనివారం దాకా కదల్లేదు.

శనివారం సాయంత్రం కట్టు విప్పారు. వెలుతురు గుచ్చుకుంటుంటే కళ్ళు చికిలించుకుని గుడ్డ చూశాను. మూడు కాయలు, పత్తికాయ, ప్రతి గడీ దాని స్థానంలో ఉంది. ఒక్క కుట్టు ఎక్కువ లేదు, తక్కువ లేదు. కానీ ఆ మూల మొత్తం వేరేగా మెరుస్తోంది. పై కుట్లన్నీ రెండో వైపుకు వాలి ఉన్నాయి. మొదటి రోజు నేను అమ్మమ్మకు చెప్పిన మాట గుర్తొచ్చింది: "రెండో కుట్టు ఎప్పుడూ నీ పనిచేసే చేతి వైపుకు ఎక్కాలి." అమ్మమ్మ అన్నం తినేది కుడిచేత్తో. కాయలేరేదీ, సూది పట్టేదీ ఎడమచేత్తో. చెప్పింది చెప్పినట్టు చేసింది.

నేను ఆ మూలనే వెలుతురులో తిప్పి తిప్పి చూస్తుంటే అమ్మమ్మకు అర్థమైంది. "తప్పు పోయిందా?" అంది.

"పోయింది."

"ఇప్పేయ్ మరి. దీపం పెట్టుకుని కుట్టుకో. మూడు రోజులు నాకు కాలక్షేపమైంది, అంతేగా. నువ్వు గుంటూరు పోవాల."

కత్తెర తీసుకుని గుడ్డ తిరగేశాను. ముడి వేయకూడదన్న సూత్రం చెప్పడం నేను మరిచిపోలేదు. అమ్మమ్మ వినడం మరిచిపోయింది. దారం మొదలైన ప్రతిచోటా, ఆగిన ప్రతిచోటా ఒక ముడి. అది మామూలు ముడి కాదు, కాయల గోతాం మూతికి వేసే ముడి. గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు కొక్కెం వేసి లాగినా ఊడకూడదని వేసేది. కత్తెర మొన దూర్చి చూశాను. ముడి తెగాలంటే దాని కింద గుడ్డ తెగాలి. ఒక ముడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అమ్మమ్మ దీపం దగ్గరగా జరిపి పట్టుకుంది, తను కుట్టింది విప్పడానికే. చివరకు కత్తెర కింద పెట్టేశాను. గుడ్డ తెగుతుందని ఆగానని అమ్మతో చెప్పాను. అది నిజమే, కానీ సగమే.

ఆదివారం పొద్దున అమ్మగారు గుడ్డ పరుస్తూ నాలుగో మూల దగ్గర ఆగారు. తిరగేశారు. ముడులు చూసి ఒక్కసారి కళ్ళు మూసుకున్నారు. "ఎవరు?" అన్నారు. జరిగింది చెప్పాను, గేదెతో సహా. ఆవిడ ఆ మూలను దాచే వైపుకు కాక, ముందు వైపుకే, చాపల మీద ఆడవాళ్ళు కూర్చునే వైపుకు వచ్చేలా పరిచారు. ఆరాధన అయ్యాక, వేలానికి ముందు, ఆశీర్వాదం గారు కళ్ళజోడు పెట్టుకుని బల్ల చుట్టూ తిరిగారు. ఒక మూల, రెండో మూల, మూడో మూల. నాలుగో దాని దగ్గర వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, గట్టిగా తుమ్మారు. సంఘమంతా అమ్మమ్మ వైపు చూసింది.

"చేతులు కడిగానయ్యా. కావాలంటే అయ్యగారి చెంపను అడుగు," అంది అమ్మమ్మ చాప మీద నుంచి.

తుమ్ము గుడ్డ వల్ల వచ్చిందో, బల్ల ముందు పేర్చిన ఆయన సొంత బస్తా వల్ల వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. ఆయన ముక్కు తుడుచుకుని, "ఈ మూల తేడా ఉందమ్మా," అన్నారు.

"ఉందండి," అన్నారు అమ్మగారు. "ఆ మూల రాహేలు కుట్టలేదు. కళ్ళకు కట్టుతో మంచం మీద పడుకుని సుందరమ్మ గారి చేత కుట్టించింది. గళ్ళు నేను లెక్కపెట్టాను, ఒక్కటి తప్పలేదు. కుట్టేవాళ్ళు గుంటూరులో కావలసినంత మంది ఉన్నారు. మనం పంపేది నేర్పేదాన్ని. సుందరమ్మ గారికి నేర్పగలిగిన పిల్ల ఇంకెవరికైనా నేర్పుతుంది."

ఆశీర్వాదం గారు అమ్మమ్మను చూశారు. ఆవిడతో ఆయనకు కల్లంలో ఏళ్ళ అనుభవం ఉంది. కళ్ళజోడు తీసి, "అది మాత్రం నిజం," అన్నారు. తర్వాత, కొంచెం దిగులుగా, "మైకు వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. మైకు వచ్చే ఏడు రాలేదు, ఇంకో నాలుగేళ్ళకు వచ్చింది. పక్కూరు ఇంకా క్షేమంగానే ఉంది.

గుంటూరు వెళ్ళాను, పరీక్ష పాసయ్యాను, రిటైరయ్యే దాకా బళ్ళలో కుట్టు నేర్పాను. ముడి వేయకూడదనీ, పై కుట్టు ఒకే వైపుకు వాలాలనీ ఎంతమంది ఆడపిల్లలకు చెప్పానో ఆ లెక్క నా దగ్గర ఉంది. తప్పు కుట్టిన వాళ్ళ చేత విప్పించాను కూడా. పని చేసే చెయ్యి ఏదని మాత్రం ప్రతి పిల్లనూ మొదటి రోజే అడిగేదాన్ని. ఇప్పుడు నమూనాలు ఫోన్లో వస్తున్నాయి, ఏ గడిలో ఏ రంగో అదే చూపిస్తుంది. మొన్న పక్కింటి అమ్మాయి ఒక పెట్టె తెప్పించుకుంది. గుడ్డ, దారాలు, సూది, అన్నీ సరిగ్గా ఎన్ని కావాలో అన్నే. బొమ్మ గుడ్డ మీద ముందే అచ్చువేసి ఉంది, లెక్కపెట్టే పనే లేదు. బాగానే కుట్టింది. తిరగేసి చూశాను, వెనక వైపు కూడా శుభ్రంగా ఉంది. ఏ ఊరి పిల్లో, ఏ పని చేసే ఇంటి పిల్లో మాత్రం ఆ గుడ్డను బట్టి చెప్పలేకపోయాను. మా ఊరి కాయలు ఇప్పుడు కల్లంలో ఎక్కువ రోజులుండవు. గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పోతాయి. ఆటో ఆ దారిన పోతుంటే తుమ్మే జనంలో నేనూ ఒకదాన్ని. మొదటిసారి తుమ్మిన రోజు, నేనిక ఆ ఊరి మనిషిని కానని తెలిసి, ఆటోలో కూర్చుని కాసేపు చిన్నబుచ్చుకున్నాను.

గుడ్డ ఉతికి ఇస్త్రీ చేసి మా భోజనాల బల్ల మీద పరిచాను. ఇన్నేళ్ళలో నేను కుట్టిన మూలల్లో అక్కడక్కడా దారం కొసలు ఊడి బయటకు వచ్చాయి. దూర్చి దాచిన కొసలు కదా, ఎన్ని ఉతుకులని ఓర్చుకుంటాయి. నాలుగో మూలలో ఒక్కటి కూడా కదల్లేదు. ఆ మూల నేను కూర్చునే వైపుకు తిప్పుకున్నాను.

ఆ రోజు కిరణ్ బస్సుకు టైమైందని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాను. వాళ్ళ తాత పోలికే, నుదురు కూడా అంతే. చెప్పులు వేసుకుని తలెత్తేసరికి, ఎందుకో తెలియకుండానే చెయ్యి తిరగేసి, కణుపులతో అతని చెంప నిమిరాను. నేను కల్లంలో కూర్చుని కాయలేరి నలభై ఏళ్ళు దాటింది.

"జ్వరమేం లేదు టీచర్. ఎండన పడి వచ్చాను, అంతే," అన్నాడు కిరణ్.

"సరే, జాగ్రత్తగా వెళ్ళు," అన్నాను.